అప్పు కాదు, చిల్లర

బోనాలు అయిపోయిన తర్వాతి వారం మా చిట్టి యూనిట్ టెస్ట్ పేపర్లు ఇంటికి తెచ్చింది. మూడో తరగతి. తెలుగులో ఇరవైకి పద్దెనిమిది, ఈవీఎస్‌లో పదహారు. లెక్కల పేపరు మాత్రం బ్యాగులో లేదు. అడిగితే "మేడమ్ ఇంకా ఇయ్యలేదు" అంది. రెండు రోజుల తర్వాత బట్టలు సర్దుతుంటే దాని గౌన్ల కింద నాలుగు మడతలు పెట్టిన కాగితం దొరికింది. ఇరవైకి ఏడు.

నాకు కోపం రావాలి కదా, రాలేదు. ఎనిమిదో తరగతిలో నేనూ లెక్కల పేపరు దాచాను, మా అమ్మ ఇత్తడి బిందె అడుగున. ఆ కాగితం చేతిలో పట్టుకుని నిలబడితే ఆ బిందె చల్లదనం ఇప్పుడు తగిలినట్టయింది.

ఆ రాత్రి అన్నాలయ్యాక దాన్ని కూర్చోబెట్టి పేపరు విప్పాను. మొదటి తీసివేత 52లోంచి 27. అది 35 వేసింది. ఎట్లా వచ్చిందే అంటే, "ఏడులకెళ్ళి రెండు పోతే ఐదు, ఐదులకెళ్ళి రెండు పోతే మూడు" అంది, అంతా సరిగ్గానే ఉన్నట్టు. నేను చెప్పబోయాను. నా గొంతు నాకే వినిపిస్తోంది, ఒక్కో మాటకీ పెరుగుతోంది. చివరికి నవ్వుతూనే అన్నాను, "నా లెక్కనే పుట్టినవ్ బిడ్డా, నీకు గూడ లెక్కలు రావు" అని. మా వైపు 'నా లెక్క' అంటే 'నాలాగా' అని. ముద్దుగానే అన్నాను. అదీ నవ్వింది. అక్కడితో మర్చిపోయాను.

అది మర్చిపోలేదు. తర్వాతి నెల పేరెంట్స్ మీటింగ్‌లో వాళ్ళ టీచరు, మంచి అమ్మాయే, నెమ్మదిగా చెప్పింది. "తప్పు ఎందుకొచ్చిందో చూద్దాం రామ్మా అంటే మీ పాప పెన్సిల్ పక్కన పెట్టేస్తోందండీ. మా మమ్మీ లెక్క నాకు గూడ లెక్కలు రావు మేడమ్ అంటోంది."

లాల్‌దర్వాజా నుంచి మా గల్లీ దాకా నడుచుకుంటూ వచ్చాను ఆ రోజు. ఆటో ఎక్కాలనిపించలేదు. దాని చేయి నా చేతిలోనే ఉంది. ఎనిమిదేళ్ళ పిల్ల. రంగు నాది, జుట్టు వాళ్ళ నాన్నది, ఈ మాట కూడా నాదే అన్నట్టు మోసుకు తిరుగుతోంది.

నాకు లెక్కలు రావు అన్నది మా ఇంట్లో పాత విషయం. పదో తరగతిలో ఎలాగో గట్టెక్కాను. ఇంటర్‌లో లెక్కలు లేని గ్రూపు వెతుక్కున్నాను, డిగ్రీలో బీఏ తెలుగు. సాహిత్య చరిత్ర చదివేటప్పుడు ఒకరోజు పావులూరి మల్లన పేరు వచ్చింది. పదకొండో శతాబ్దం కవి. అంతకు రెండు శతాబ్దాల ముందు మహావీరాచార్యుడనే జైన పండితుడు సంస్కృతంలో రాసిన గణిత సార సంగ్రహాన్ని ఈయన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. లెక్కల నుంచి పారిపోయి ఇక్కడికొస్తే ఇక్కడా లెక్కలేనా అని వెనక బెంచీ వాళ్ళమంతా నవ్వుకున్నాం. పరీక్షకు ఆ పేరు, పుస్తకం పేరు గుర్తుపెట్టుకున్నాను, అంతే. ఆయన ఆ పని ఎందుకు చేసి ఉంటాడని అప్పుడు ఆలోచించలేదు.

ఇంట్లో లెక్కలొచ్చిన మనిషి లేక కాదు. మా ఆయన పత్తర్‌గట్టిలో ఒక బట్టల హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు చూస్తారు. మీటర్లు, తాన్లు, డిస్కౌంట్లు అన్నీ నోటితోనే. కానీ ఇల్లు చేరేసరికి రాత్రి పది. అందుకని ఒక ఆదివారం ఆయన్నే కూర్చోమన్నాను.

"చూడు బిడ్డా, రెండులకెళ్ళి ఏడు పోదు. పక్కన ఐదు దగ్గర ఒకటి అప్పు తెచ్చుకో. రెండు పన్నెండైతది. పన్నెండులకెళ్ళి ఏడు పోతే ఐదు. ఐదు నాలుగైంది కద, నాలుగులకెళ్ళి రెండు పోతే రెండు. ఇరవై ఐదు. అయిపాయె!"

నిజంగానే అర నిమిషంలో అయిపోయింది. చిట్టి తలూపింది. తర్వాతి లెక్క 64లోంచి 21. అక్కడ అప్పు అవసరమే లేదు. అయినా ఇది తెచ్చేసింది. నాలుగు పద్నాలుగైంది, అందులోంచి ఒకటి పోతే పదమూడు, పక్కన ఆరు ఐదైంది, ఐదులోంచి రెండు పోతే మూడు. జవాబు 313. ఉన్నవే అరవై నాలుగు, కొన్ని తీసేశాక మూడు వందల పదమూడు మిగిలాయి. మా ఆయన తల పట్టుకున్నారు.

అప్పుడు అది అడిగిన ప్రశ్నలు ఇవి. వరసగా రాస్తున్నాను, ఎందుకంటే అంతా మారింది ఇక్కడే.

"డాడీ, అప్పు తెచ్చుకుంటె మళ్ళ ఎప్పుడియ్యాలె?"

"ఇయ్యనవసరం లేదు బిడ్డా."

"మరి గది దొంగతనం గాదా?"

మా ఆయన పగలబడి నవ్వారు. అది నవ్వలేదు. "ఒకటే కద తెచ్చింది. రెండుకు ఒకటి కలిపితే మూడు గావాలె. పన్నెండెట్లయితది?"

"గదంతే. అట్లనే చెయ్యాలె."

ఈ 'అదంతే' నాకు బాగా తెలుసు. ముప్పై ఏళ్ళ కింద నాకూ అదే చెప్పారు. నాకూ అర్థం కాలేదు, కానీ నేను అడగలేదు. ఇది అడిగింది. గిన్నెలు తోముతూ ఆ రెండు ప్రశ్నల్నీ తిప్పి తిప్పి చూసుకున్నాను. పిల్ల తెలివితక్కువగా ఏమడిగింది? కిరాణా కొట్టులో ఖాతా రాయిస్తాం, ఒకటో తారీఖు కట్టేస్తాం. అప్పు అంటే ఏమిటో దానికి బాగా తెలుసు. ఇంగ్లీషులో 'బారో' అన్నారు, దాన్ని మనం అప్పు అన్నాం. అక్కడ జరిగేది అప్పే కాదు. అయితే మరి ఏమిటి?

జవాబు నాకు గల్లీలో కూరగాయల బండి దగ్గర దొరికింది. ఇరవై ఏడు రూపాయలైంది. నా చేతిలో అన్నీ పది నోట్లు. "చిల్లర లేదమ్మా" అన్నాడు బండబ్బాయి. పక్క కొట్టుకెళ్ళి ఒక పది నోటు ఇచ్చి పది రూపాయి బిళ్ళలు తెచ్చుకున్నాను. తిరిగొస్తుంటే నా గుప్పిట్లో ఉన్నది చూసి అక్కడే ఆగిపోయాను. ఒక నోటు ఇచ్చాను, పది బిళ్ళలు వచ్చాయి. ఎవరికీ బాకీ లేను. నా డబ్బు పెరగలేదు, తగ్గలేదు. ఇది అప్పు కాదు, చిల్లర మార్చుకోవడం.

నలభై నాలుగేళ్ళ వయసులో మూడో తరగతి లెక్క అర్థమైనందుకు ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. బండబ్బాయికి చెప్పలేం కదా.

సాయంత్రం పోపుల డబ్బా వెనక దాచుకున్న డబ్బులోంచి ఐదు పది నోట్లు, రెండు రూపాయి బిళ్ళలు తీసి స్టీలు పళ్ళెంలో పెట్టాను. "నేను కొట్టుదాన్ని. నీ దగ్గర యాభై రెండున్నయ్. నాకు ఇరవై ఏడియ్యి."

రెండు పది నోట్లు టక్కున ఇచ్చింది. ఏడు ఇవ్వాలి, బిళ్ళలు రెండే ఉన్నాయి. కాసేపు చూసి, మూడో పది నోటు కూడా నా చేతిలో పెట్టి, "మూడు వాపస్ ఇయ్యి" అంది.

నేను తెల్లబోయాను. దాని దగ్గర ఇప్పుడు రెండు నోట్లు, రెండు బిళ్ళలు, నేనివ్వాల్సిన మూడు. ఇరవై ఐదు. కాగితం మీద రాని పిల్లకు డబ్బుల్లో వచ్చేసింది, అదీ ఎవరూ నేర్పని పద్ధతిలో. ముందు అది సరైన జవాబేనని చెప్పాను. తర్వాత, "నా దగ్గర చిల్లర లేదనుకో, ఏం చేస్తవ్?" అన్నాను. పది నోటు పట్టుకుని వాళ్ళ నానమ్మ దగ్గరికి పరిగెత్తింది. మా అత్తమ్మ బొడ్డు సంచి విప్పి పది బిళ్ళలు లెక్కపెట్టి ఇచ్చింది. ఇప్పుడు పళ్ళెంలో నాలుగు నోట్లు, పన్నెండు బిళ్ళలు.

"ఇప్పుడు నీ దగ్గర మొత్తం ఎన్ని?"

లెక్కపెట్టుకుంది. "యాభై రెండే!"

"నానమ్మకేమన్న బాకీ ఉన్నవా?"

"ఎందుకుంట? నోటిచ్చిన కద."

పక్కనే పలక పెట్టి అదే లెక్క రాయించాను. ఐదు కొట్టేసి నాలుగు రాసేటప్పుడు "నోటిచ్చిన" అంది. రెండు పక్కన ఒకటి పెట్టేటప్పుడు "చిల్లరొచ్చింది" అంది. 64లోంచి 21 ఇస్తే బిళ్ళలు చూసుకుని, "ఉన్నయ్ కద, మార్చుడెందుకు" అంది. ఇప్పటి ఇంగ్లీషు పుస్తకాల్లో 'బారో' బదులు 'రీగ్రూపింగ్' అంటున్నారని మా పెద్దవాడు తర్వాత చెప్పాడు. మాకు చిల్లర సరిపోయింది.

అప్పటి నుంచి నా అనుమానం వేరే దిక్కుకు మళ్ళింది. దీనికి రానిది లెక్కా, మాటా? హోంవర్క్ పుస్తకం తీసి వాక్యాల్లో ఇచ్చిన లెక్కలన్నీ చదివించాను. అది చదువుకునేది ఇంగ్లీషు మీడియం. 'హౌ మెనీ ఆర్ లెఫ్ట్?' అన్నచోట ఎడమ చేయి వైపు చూసుకుని, "లెఫ్ట్ సైడు ఎన్నున్నయ్?" అని అడిగింది. ఇన్నాళ్ళూ ఆ ప్రశ్నకు అది ఎడమ పక్కనున్న అంకె రాస్తోంది! టీచరుకు ఈ సంగతి తెలిసే దారి ఎక్కడుంది? నలభై మంది పిల్లలు. మనకు మాత్రం ఒక్కతే.

'మోర్' అన్న మాట ఎక్కడ కనిపించినా కూడేస్తుంది. నీ దగ్గర 24 గాజులున్నాయి, మీ అక్క కన్నా నీకు 9 ఎక్కువ, అక్కకు ఎన్ని? ఇంగ్లీషులో చదివి 33 రాసింది. పుస్తకం మూసి అదే తెలుగులో, పెద్దమ్మ కూతురి పేరు పెట్టి చెప్పాను. "అక్కకు తక్కువ కద ఉండాలె" అంటూ తనే తీసేసి పదిహేను చెప్పింది. అందుకని మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టాను. వాక్యాల లెక్క ఏదైనా ముందు కథలాగా నాకు తెలుగులో చెప్పాలి. ఎవరి దగ్గర ఏముంది, ఏం జరిగింది, మనకేం కావాలి. తర్వాతే పెన్సిలు. ఆ పైన మళ్ళీ ఇంగ్లీషు వాక్యం చదివి ఏ మాటకు ఏ అర్థమో చూసుకోవాలి, పరీక్ష ఇంగ్లీషులోనే కదా.

వెనక బెంచీలో నవ్వుకున్న పావులూరి మల్లన అప్పుడు గుర్తొచ్చాడు. తెలియని భాషలో ఉన్న లెక్కను తెలిసిన భాషలోకి తెచ్చిన మనిషి. బీఏ తెలుగు నాకు లెక్కల్లో పనికొస్తుందని ఎవరైనా చెప్పి ఉంటే ఆనాడు నమ్మేదాన్ని కాదు.

ఈ లోపు మా అత్తమ్మ కూడా రంగంలోకి దిగింది. ఆమె బడికి వెళ్ళింది రెండో తరగతి దాకానే. బియ్యం కొలవడానికి పాత మానిక ఇంకా వాడుతుంది. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. చిట్టి గిన్నెలు ముందేసుకుని సోలతో మానిక నింపింది. నాలుగు సార్లు పట్టింది. సోల అంటే మానికలో పావు అని దానికి ఎవరూ చెప్పలేదు, అదే చెప్పింది. తెలుగు ఎక్కాలు కూడా అత్తమ్మ దగ్గరే. 'ఏడెనిమిదుల యాభై ఆరు' అని రాగం తీస్తూ చెబితే ఇంగ్లీషులో ఆగిపోయే చోట ఇది ఆగడం లేదు.

భిన్నాల పాఠం రాకముందే మా గల్లీ దానికి భిన్నాలు నేర్పింది. ఎదురింటి ఖాలా లాడ్ బజార్ దుకాణానికి లక్క గాజుల మీద రాళ్ళు అతికే పని ఇంట్లోనే చేస్తుంది. చిట్టి ఆమె మనవరాలితో ఆడుకోవడానికి వెళ్తుంది. ఒకరోజు వచ్చి, "పౌనే దో అంటే ఎంత మమ్మీ?" అంది. పౌనే దో అంటే రెండుకు పావు తక్కువ, ఒకటి ముప్పావు. సవా దో అంటే రెండు మీద పావు. డేఢ్ ఒకటిన్నర, ఢాయి రెండున్నర. పాతబస్తీలో టైము అడిగినా, మాంసం తూకం అడిగినా ఈ మాటలే. గుండ్రటి రొట్టె కోసి చూపించాను. రెండు రొట్టెలు, అందులోంచి ఒక పావు ముక్క నేను తినేశాను, మిగిలింది పౌనే దో. మూడో తరగతి పిల్లకు ఇంతకన్నా ఏం కావాలి?

నాకు కూడా ఒక పాఠం ఖాలా దగ్గరే అయింది. ఇన్నేళ్ళుగా లాడ్ బజార్‌లో గాజులు కొంటున్నాను, నా సైజు 2.6 అని చెప్పడమే తప్ప అదేమిటో తెలియదు. మా పెద్దవాడు ఒకసారి వెక్కిరించాడు, "2.10 గాజు 2.8 కన్నా పెద్దదెట్లా అవుతుంది, లెక్క ప్రకారం చిన్నదే కదా" అని. దశాంశాల్లో అయితే వాడన్నదే నిజం. ఖాలాను అడిగితే నవ్వి, అది దో-ఛే, పాయింట్ కాదు బేటీ అంది. రెండు అంగుళాలు, దాని మీద అంగుళాన్ని పదహారు భాగాలు చేస్తే ఆరు భాగాలు. దో-ఆఠ్ అంటే రెండున్నర అంగుళాల వెడల్పు. దో-దస్ అంటే అంతకన్నా రెండు భాగాలు ఎక్కువ. ఇంటికొచ్చి స్కేలుతో నా గాజు లోపలి వెడల్పు కొలిచాం. రెండు అంగుళాలు దాటి, రెండున్నరకు కాస్త తక్కువ. సరిగ్గా సరిపోయింది.

పదహారు అనగానే మా అత్తమ్మ అందుకుంది. "మా చిన్నప్పుడు రూపాయికి పదహారణాలే కద." 1957 ఏప్రిల్ 1 నుంచి నయా పైసలొచ్చి రూపాయికి నూరు పైసలయ్యేదాకా లెక్కంతా పదహారుల్లోనే. అందులో ఒక భాగాన్ని మన పెద్దలు వీసం అన్నారు. మన ఆడపిల్లల్ని పదహారణాల తెలుగమ్మాయి అంటాం చూడండి, అది పూర్తి రూపాయి అన్నమాట, పైసా తక్కువ కాదు. బీఏలో జాతీయాల పాఠంలో చదివాను. చేతికున్న గాజుల్లో కూడా అదే పదహారు ఉందని తెలియడానికి ఇన్నేళ్ళు పట్టింది.

ఇదంతా చక్కగా సాగిపోయిందనుకోకండి. సెప్టెంబర్‌లో ఒక రాత్రి, తొమ్మిదిన్నరకి, గుణకారం దగ్గర మళ్ళీ అరిచాను. అది ఏడ్చుకుంటూ పడుకుంది. మర్నాడు లెక్కల పరీక్ష, పొద్దున్నే కడుపునొప్పి అంది. నిజం నొప్పో కాదో తెలియదు, నాకు మాత్రం నిజంగానే నొప్పి పుట్టింది. సాయంత్రం మా పెద్దవాడు ఫోన్లో ఒక వ్యాసం చూపించాడు. 2015లో షికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు అమెరికాలో ఒకటి, రెండు తరగతుల పిల్లల్ని ఏడాది పాటు గమనించారట. లెక్కలంటే భయపడే తల్లిదండ్రులు తరచుగా హోంవర్క్‌లో సాయం చేస్తే, ఆ పిల్లలు ఆ ఏడాది తక్కువ నేర్చుకున్నారు, భయం కూడా పెరిగింది. సాయం చేయడం తక్కువగా ఉన్న ఇళ్ళలో అలా జరగలేదు.

ఇది చదివి ఎవరికైనా ఏమనిపిస్తుంది? పక్కకు తప్పుకుంటే పోదా అనిపిస్తుంది. గల్లీ చివర ట్యూషన్ ఉంది, ఇరవై ఐదు మంది పిల్లలు, హోంవర్క్ పూర్తయి వస్తుంది. అందులో చేరుద్దామనే అనుకున్నాను. కానీ కింద ఇంకో సంగతి ఉంది. అదే ఏడాది అదే బృందం ఇంకో పని చేసి చూసింది. రాత్రి పడుకునే ముందు పిల్లలతో కథలా ఉండే చిన్న లెక్కలు చదవమని కొన్ని కుటుంబాలకు ఇచ్చారు. అలా చదివిన ఇళ్ళలో పిల్లలు మెరుగుపడ్డారు, ముఖ్యంగా లెక్కలంటే భయపడే తల్లిదండ్రుల పిల్లలు. అంటే అడ్డం పడింది తల్లి కాదు, తల్లి భయం. కథ చెప్పేటప్పుడు ఆ భయం పక్కకు పోతోంది కాబోలు.

కథలు చెప్పడం నాకు వచ్చు.

అప్పటి నుంచి రాత్రి పుస్తకం తీయడం మానేశాను. బడి నుంచి వచ్చి, ఏదో తిని, కాసేపు ఆడుకున్నాక పదిహేను నిమిషాలు. గడియారం చూసి మరీ ఆపేస్తాను, మధ్యలో ఉన్నా సరే. తప్పు అని ముందు చెప్పను. "ఎట్ల చేసినవ్?" అని అడుగుతాను, జవాబు సరైనదైనా అడుగుతాను, లేకపోతే అడిగిన ప్రతిసారీ తప్పే అనుకుంటుంది. చెబుతూ చెబుతూ సగం తప్పులు అదే పట్టుకుంటుంది. నాకు తెలియనిది వస్తే, "నాకు గూడ తెల్వదు, ఇద్దరం చూద్దాం పా" అంటాను. 'నాకు లెక్కలు రావు' అన్న మాట మాత్రం నోట్లోంచి తీసేశాను. అది అన్నిటికన్నా కష్టమైంది. అలవాటు అలాంటిది, కూరలో ఉప్పు ఎక్కువైనా 'నాకు లెక్క తెలవదు కదా' అనేదాన్ని.

ఈ మాట మనమెందుకు అంత తేలిగ్గా అంటాం? చదవడం రాదని చెప్పాల్సి వస్తే సిగ్గుపడతాం. లెక్కలు రావని మాత్రం నలుగురిలో నవ్వుతూ చెబుతాం. పాల లెక్క మనదే. గ్యాసు ఎన్నాళ్ళొస్తుందో మనకే తెలుసు. పండక్కి చీరలు, పెట్టుపోతలు, చిట్టీ ఎప్పుడు ఎత్తితే లాభమో అన్నీ మన బుర్రలోనే ఉంటాయి. వాటిని లెక్కలని ఎవరూ అనలేదు, మనమూ అనుకోలేదు. ఆడపిల్లలు పక్కనే నిలబడి వింటూ ఉంటారు.

సి.ఆర్. రావు గారి పేరు మీరు వినే ఉంటారు. కల్యంపూడి రాధాకృష్ణారావు, సంఖ్యాశాస్త్రంలో ప్రపంచమంతా తెలిసిన తెలుగువారు. 2023లో, 102 ఏళ్ళ వయసులో, ఆ శాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి అందుకుని, అదే ఏడాది కన్నుమూశారు. ఆయన తన పుస్తకం ఒకటి తల్లి లక్ష్మీకాంతమ్మ గారికి అంకితమిచ్చారు. చిన్నప్పుడు రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపి, చదువుకోవడానికి నూనె దీపం వెలిగించి పెట్టేదట ఆవిడ. అది చదివాక నాకు కొంచెం నిమ్మళంగా అనిపించింది. ఆవిడ లెక్క చేసి పెట్టారని ఆయన రాయలేదు, దీపం వెలిగించారని రాశారు. నాలుగింటికి లేపే ఓపిక నాకూ లేదు, మా దానికీ లేదు. ఆ పదిహేను నిమిషాలు పక్కన కూర్చోగలను.

దసరా సెలవుల ముందు పెద్ద పరీక్షలయ్యాయి. సెలవులయ్యాక పేపర్లిచ్చారు. లెక్కల్లో యాభైకి ముప్పై ఒకటి. గొప్ప మార్కులేం కావు. భాగహారం రెండూ తప్పు, వాక్యాల లెక్క ఒకటి తప్పు. కానీ పేపరు గౌన్ల కిందికి వెళ్ళలేదు. చెప్పులు విప్పకుండానే నా చేతిలో పెట్టింది. అందులో 302లోంచి 148 అని ఒక తీసివేత ఉంది. మధ్యలో సున్నా ఉన్న ఈ లెక్క మేమెప్పుడూ చేయలేదు. అది 154 వేసింది, సరైన జవాబు. ఎట్ల చేసినవ్ అంటే చెప్పింది. "బిళ్ళలు సాలలేదు. పది నోట్లు ఒక్కటి గూడ లేదు. గందుకే ముందుగాల వంద నోటు మార్చిన, పది పది నోట్లొచ్చినయ్. అండ్లకెళ్ళి ఒకటి మళ్ళ మార్చిన."

దాని చేతిలో వంద నోటు మేమెప్పుడూ పెట్టలేదు.

మొన్న నెలాఖరుకు పాల లెక్క చూస్తున్నాను. ముప్పై రోజులు, రోజుకు రెండు ప్యాకెట్లు. కార్తీకంలో ఊరికెళ్ళిన నాలుగు రోజులు వేయించుకోలేదు. ఇరవై ఆరు రోజులకు యాభై రెండు ప్యాకెట్లు అని క్యాలెండర్ మీద రాసుకున్నాను. చిట్టి కూడా తన పలక మీద చేసింది. యాభై నాలుగు వచ్చింది. నాది చూసి, నావైపు చూసి, నా గొంతు పెట్టి అడిగింది.

"ఎట్ల చేసినవ్ మమ్మీ?"

చెప్పాను. సగంలోనే ఆపింది. "పెద్దమ్మ వాళ్ళొచ్చిన రెండు రోజులు మూడు మూడు ప్యాకెట్లు తీస్కున్నం కద. మర్చిపోయినవా?"

మర్చిపోయాను. క్యాలెండర్ మీద యాభై రెండు కొట్టేసి యాభై నాలుగు రాశాను.